మహాడ్ తీర్మానం, బర్మింగ్‌హామ్ పర్మిట్

కాగితం మీది హక్కులు - 6



పోయిన వారం సెకండియర్ క్లాసులో మహాడ్ గురించి చెబుతున్నాను. 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవదార్ చెరువులోకి దిగి దోసిలితో నీళ్ళు తాగాడని చెప్పగానే క్లాసు సద్దుమణిగిపోతుంది. ప్రతి ఏడూ అంతే. ఈసారి చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "మేడం, ఆ చెరువు మన వాళ్ళకి తెరవడానికి మున్సిపాలిటీ మూడేళ్ళ ముందే తీర్మానం చేసిందన్నారు కదా. మరి సత్యాగ్రహం ఎందుకు? ఇద్దరు పోలీసుల్ని వెంట తీసుకెళ్ళి తాగితే అయిపోయేది కదా?"

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న అడగడానికి నాకు పీహెచ్‌డీ అయ్యాక కూడా కొన్నేళ్ళు పట్టింది. మనం మహాడ్‌ని నీళ్ళ కథగా చెప్పుకుంటాం, ఆత్మగౌరవం కథగా చెప్పుకుంటాం. రెండూ నిజమే. కానీ అది ఒక మున్సిపల్ తీర్మానం కథ కూడా. దాన్ని ఎవరు చేశారు, ఎవరు అమలు చేయలేదు, ఎవరు రద్దు చేశారు, రద్దయ్యాక ఏం మిగిలింది. ఇవాళ ఆ కథ చెబుతాను. దాంతోపాటు, ముప్పై ఆరేళ్ళ తర్వాత అమెరికాలోని బర్మింగ్‌హామ్ అనే ఊళ్ళో అచ్చం ఇలాంటి మలుపు దగ్గరే నల్లజాతి వాళ్ళు ఏం చేశారో కూడా. కొంచెం పొడుగు. ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. మనకి ఆర్డినెన్స్ అనగానే అసెంబ్లీ లేనప్పుడు గవర్నరు సంతకం పెట్టే అత్యవసర చట్టం గుర్తొస్తుంది. అమెరికాలో ఆ మాటకి అర్థం వేరు. అక్కడ ఒక నగర కౌన్సిలో కమిషనో తన ఊరి వరకూ చేసుకునే చట్టాన్ని ఆర్డినెన్స్ అంటారు. మన మున్సిపల్ బైలాలకి దగ్గరి చుట్టం. చెత్త ఎక్కడ వేయాలో చెప్పేది అదే, ఎవరు ఎక్కడ నడవాలో చెప్పేదీ అదే.

ఇక మహాడ్.

1923 ఆగస్టు 4న బొంబాయి శాసన మండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం పెట్టాడు. ప్రజల సొమ్ముతో కట్టి నడిపే చెరువులు, బావులు, ధర్మశాలలు, ప్రభుత్వ బళ్ళు, కోర్టులు, ఆఫీసులు, దవాఖానాలు అంటరానివారు వాడుకోవచ్చని దాని సారాంశం. మండలి ఆమోదించింది. సెప్టెంబరులో ప్రభుత్వం తన శాఖలకి, స్థానిక సంస్థలకి చెప్పింది: అమలు చేయండి. 1924 జనవరి 5న కొలాబా జిల్లా మహాడ్ మున్సిపాలిటీ కూడా తన వంతు తీర్మానం చేసింది. చవదార్ చెరువు అంటరానివారు వాడుకోవడానికి తమకు అభ్యంతరం లేదని.

ఆ మాటని ఒకటికి రెండుసార్లు చదవండి. అభ్యంతరం లేదు. అడ్డుకుంటే శిక్ష ఏమిటో లేదు. గట్టు మీద ఎవరు కాపలా ఉంటారో లేదు. అప్పటికే ఆ చెరువు నీళ్ళు ముస్లింలు తాగుతున్నారు, క్రైస్తవులు తాగుతున్నారు, గొడ్లు తాగుతున్నాయి. మూడేళ్ళ పాటు మన వాళ్ళు ఒక్క చుక్క కూడా తాగలేకపోయారు. అంత భయం. తీర్మానం మున్సిపాలిటీ బీరువాలో ఉంది, చెరువు ఊళ్ళో ఉంది.

తీర్మానం కాగితంగా మిగిలిపోతోందని బోలేకి కూడా తెలిసింది. 1926 ఆగస్టు 5న ఇంకో తీర్మానం తెచ్చాడు. మొదటి తీర్మానాన్ని అమలు చేయని మున్సిపాలిటీలకి, లోకల్ బోర్డులకి ప్రభుత్వం గ్రాంటు ఇవ్వకూడదని. బోలే గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం గానీ, ఈ రెండో తీర్మానం నాకు మొదటిదానికంటే గొప్పగా కనిపిస్తుంది. మొదటిది మనసు మార్చుకోమంటుంది. రెండోది జేబు ముట్టుకుంటుంది. స్థానిక సంస్థ అనేదాన్ని ఎక్కడ పట్టుకుంటే కదులుతుందో ఆయనకి తెలిసింది.

మన వైపు కథ వేరేమీ కాదు. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. 1924లో మద్రాసు శాసన మండలిలో రెట్టమలై శ్రీనివాసన్ రోడ్లు, బావులు, ప్రజా భవనాలు అందరికీ తెరవాలని తీర్మానం పెట్టి నెగ్గించాడు. ప్రభుత్వం ఉత్తర్వూ ఇచ్చింది. ఆ తర్వాత మన తాతల ఊళ్ళలో ఎన్ని బావులు తెరుచుకున్నాయో మీ ఇళ్ళలో ముసలివాళ్ళని అడగండి. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్ల దొరతనము' అని రాసింది ఊరికే కాదు. స్థానిక స్వపరిపాలన అంటే ఊరి పెద్దల చేతికి ఊరి తాళాలు ఇవ్వడమేనని ఆయనకి అర్థమైంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామాల్ని పొగిడేవాళ్ళ మీద విరుచుకుపడ్డాడంటే వెనక మహాడ్ ఉంది.

1927 మార్చి 19, 20 తేదీల్లో మహాడ్‌లో కొలాబా జిల్లా బహిష్కృతుల సభ. రెండున్నర వేల మంది దాకా వచ్చారు. చెరువు పక్కనే ఉన్న ఊళ్ళో ఈ సభకి తాగే నీళ్ళు నలభై రూపాయలు పెట్టి కొన్నారు. ఈ ఒక్క లెక్క చాలు, 1924 తీర్మానం విలువ ఎంతో చెప్పడానికి. రెండో రోజు సభ ముగుస్తుండగా అనంత వినాయక చిత్రే లేచి, మున్సిపాలిటీ తీర్మానాన్ని ఇవాళే అమలు చేద్దాం పదండి అన్నాడు. వరసలు కట్టి నడిచారు. బాబాసాహెబ్ ముందు తాగాడు, వెనక అందరూ తాగారు.

నా విద్యార్థిని అడిగినదానికి సమాధానం ఇక్కడ ఉంది. ఆ రోజు వాళ్ళు చట్టాన్ని ఉల్లంఘించలేదు, అమలు చేశారు. మున్సిపాలిటీ చేయని పని, పోలీసు చేయని పని, కాళ్ళతో నడిచి వాళ్ళే చేశారు.

రెండు గంటల్లోపే, వీళ్ళు వీరేశ్వరాలయంలోకి కూడా వస్తారట అన్న పుకారు లేచింది. కర్రలు లేచాయి. అన్నాలు తింటున్నవాళ్ళని, ఊళ్ళకి తిరిగి పోతున్నవాళ్ళని దొరికినచోట కొట్టారు. కొందరు ముస్లింల ఇళ్ళలో దూరి ప్రాణాలు కాపాడుకున్నారు. తర్వాత చెరువుకి శుద్ధి. నూట ఎనిమిది కుండల నీళ్ళు తోడి, పాలు, పెరుగు, పేడ, పంచితం కలిపి, మంత్రాలు చదివి మళ్ళీ చెరువులో పోశారు. పేడ కలిపితే శుభ్రమైంది, మన దోసిలి తగిలితే మైల.

అసలు శుద్ధి అది కాదంటాను నేను. అసలు శుద్ధి 1927 ఆగస్టు 4న జరిగింది. ఆ రోజు మహాడ్ మున్సిపాలిటీ తన 1924 తీర్మానాన్ని రద్దు చేసుకుంది. బోలే తీర్మానం ఆమోదం పొంది సరిగ్గా నాలుగేళ్ళు, అదే తేదీ. కుండలతో చెరువుని కడిగారు, సంతకాలతో రికార్డుని కడిగారు. ఎవరూ అమలు చేయనంత కాలం ఆ తీర్మానం ఎవరికీ బరువు కాలేదు. ఒక్క రోజు అమలయ్యేసరికి రద్దు చేయాల్సి వచ్చింది.

బాబాసాహెబ్ డిసెంబరులో మళ్ళీ సత్యాగ్రహం ప్రకటించాడు. ఈసారి సవర్ణులు తెలివిగా వచ్చారు. డిసెంబరు 12న మహాడ్ సివిల్ కోర్టులో దావా వేశారు. ఆ చెరువు తమదని, అనాదిగా ఆచారం ఉందని, అంటరానివాళ్ళని రానివ్వకూడదని. డిసెంబరు 14న తాత్కాలిక ఇంజంక్షన్ వచ్చింది. మనం వాడుకలో స్టే అంటామే, అది. కర్ర పట్టుకున్నవాడి చేతిలో ఇప్పుడు కోర్టు కాగితం ఉంది.

బొంబాయి నుంచి పద్మావతి అనే స్టీమరులో బయల్దేరి, దాస్‌గావ్ రేవులో దిగి, అక్కడి నుంచి మహాడ్‌కి నడిచి వచ్చారు. పందిరికి స్థలం హిందువులెవరూ ఇవ్వలేదు. ఫత్తేఖాన్ అనే ముస్లిం ఇచ్చాడు. సరుకులు ఊళ్ళో అమ్మరని పది రోజులకి సరిపడా ముందే తెచ్చి పెట్టుకున్నారు. డిసెంబరు 25 రాత్రి మనుస్మృతిని గోతిలో వేసి తగలబెట్టారు. ఆ తర్వాత అసలు చర్చ: స్టే ఉంది, చెరువుకి పోవాలా వద్దా? జైలుకి సిద్ధమని పేర్లు రాయించుకున్నవాళ్ళు దాదాపు నాలుగు వేలు. కలెక్టరు స్వయంగా సభకి వచ్చి, కోర్టు ఆజ్ఞ ఉంది, ఆగండి అన్నాడు. చివరికి డిసెంబరు 27న బాబాసాహెబ్ వాయిదా వేద్దామన్నాడు. నాలుగు వేల మందీ ఒప్పుకున్నారు. ఊళ్ళో ఊరేగింపు తీసి వెనక్కి వచ్చారు.

డిగ్రీలో ఉన్నప్పుడు ఇది చదివి నాకు కోపం వచ్చింది. మనువుని తగలబెట్టిన మనిషి ఒక సబ్ జడ్జి కాగితం ముందు ఎందుకు ఆగాడు? హాస్టల్లో దీని మీద తెల్లవార్లూ వాదించుకున్నాం. ఆ కోపం చాలాకాలం ఉంది. బర్మింగ్‌హామ్ కేసులు చదివాక పోయింది. అందుకే ఆ ఊరికి తీసుకెళ్తున్నాను.

అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ ఇనుము, ఉక్కు ఊరు. ఆ ఊళ్ళో నగర ఆర్డినెన్సులు మనుస్మృతి పని చేశాయి. తెల్లవాడూ నల్లవాడూ కలిసి పేకాడకూడదని, చెకర్స్ ఆడకూడదని కూడా ఆర్డినెన్స్ ఉండేది. ఎవరి ఇల్లు ఏ పేటలో ఉండాలో 1926లో జోనింగ్ పేరుతో గీత గీశారు. ఇక్కడొక విషయం గమనించండి. లూయివిల్ అనే ఊరు చేసిన ఇలాంటి ఆర్డినెన్సునే అమెరికా సుప్రీంకోర్టు 1917లోనే కొట్టేసింది. (కొట్టేసిన కారణం ఇంకా విచిత్రం. నల్లవాళ్ళ గౌరవం గురించి కాదు, తెల్లవాడికి తన స్థలం నచ్చినవాడికి అమ్ముకునే హక్కు పోతుందని.) కొట్టేసిన తొమ్మిదేళ్ళకి బర్మింగ్‌హామ్ అదే పని చేసింది, ఇరవై ఏళ్ళకి పైగా అమలు చేసింది. మేరీ మంక్ అనే నల్లజాతి మహిళ కోర్టుకెక్కి 1950లో దాన్ని కొట్టేయించింది. అదే డిసెంబరులో ఆమె ఇంటిమీద బాంబు పడింది. ఆ కొండ పేటకి డైనమైట్ హిల్ అని పేరొచ్చింది. పార్కులు అందరికీ తెరవమని ఫెడరల్ కోర్టు చెప్తే, 1962 మొదట్లో నగరం తన పార్కులన్నీ మూసేసింది. మాకు లేకపోయినా పర్లేదు, మీకు ఉండకూడదు. మహాడ్ మున్సిపాలిటీకి ఇంగ్లీషులో బంధువు.

ఈ ఊరికి 1963లో మార్టిన్ లూథర్ కింగ్ వచ్చాడు. పిలిచింది ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ అనే స్థానిక పాస్టరు. 1956 క్రిస్మస్ రాత్రి ఆయన ఇంటిమీదా బాంబు వేశారు, బతికి బయటపడ్డాడు. మనం కింగ్ పేరే చెప్పుకుంటాం, ఈయన పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

ఊరేగింపుకి పర్మిట్ కావాలి. నగర కోడులో 1159వ సెక్షన్ ప్రకారం సిటీ కమిషన్ పర్మిట్ ఇవ్వాలి. ప్రజా సంక్షేమం, శాంతి, భద్రత, ఆరోగ్యం, మర్యాద, క్రమం, నీతి, సౌకర్యం, వీటిలో దేనికైనా ఇబ్బంది అని కమిషన్ అనుకుంటే నిరాకరించవచ్చు. నీతి, మర్యాద! ఈ రెండు మాటల్లో పట్టనిది ఏముంది? ఏప్రిల్ 3న షటిల్స్‌వర్త్ తరఫున ఒక మహిళ వెళ్ళి పబ్లిక్ సేఫ్టీ కమిషనర్ బుల్ కానర్‌ని అడిగింది. పర్మిట్ కాదు, మిమ్మల్ని సిటీ జైలుకి పంపిస్తాను అన్నాడు. రెండుసార్లు అన్నాడు. రెండు రోజుల తర్వాత టెలిగ్రాం ఇస్తే మళ్ళీ కాదన్నాడు. మామూలు రోజుల్లో మామూలు జనానికి ఈ పర్మిట్లు కమిషన్ కూర్చుని ఇచ్చేదే కాదు, ట్రాఫిక్ పోలీసులు చెబితే సిటీ క్లర్కు రాసి ఇచ్చేసేవాడు. ఆ సంగతి రుజువు చేస్తామంటే తర్వాత కోర్టు విననివ్వలేదు. రూలు అందరికీ ఒకటే. రూలు బుక్కు తెరిచేది మాత్రం కొందరి కోసమే.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1880ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క ఇళ్ళలో లాండ్రీ నడపాలంటే అనుమతి కావాలని ఆర్డినెన్స్ చేశారు. అగ్ని ప్రమాదాల పేరు చెప్పారు. దరఖాస్తు పెట్టిన రెండొందల మంది చైనా చాకలివాళ్ళలో ఒక్కరికీ ఇవ్వలేదు. చైనావాళ్ళు కాని ఎనభై మందిలో ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. 1886లో సుప్రీంకోర్టు, కాగితం మీద సమంగా ఉన్నా అమలు చేసే చెయ్యి వంకరైతే అది సమానత్వం కాదంది.

ఏప్రిల్ 10 రాత్రి నగరం ఒక జడ్జి దగ్గరికి పోయి ఇంజంక్షన్ తెచ్చుకుంది. అవతలి పక్షానికి కబురైనా లేకుండా. పర్మిట్ లేకుండా ఊరేగింపులు తీయకూడదు అని. అంటే 1159 సెక్షన్‌లో ఉన్న ముక్కే ఇప్పుడు కోర్టు ఆజ్ఞగా మారింది. అచ్చు మహాడ్ డిసెంబరు 14.

కింగ్ ఆగలేదు. ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే. యాభై రెండు మంది చర్చిలోంచి బయటికి వచ్చి ఫుట్‌పాత్ మీద ఇద్దరిద్దరు చొప్పున నడిచారు. ట్రాఫిక్ లైట్ల దగ్గర ఆగారు. ఎవరికీ అడ్డు రాలేదు. అరెస్టు చేశారు. అక్కడ జైల్లోనే కింగ్ తెల్ల పాస్టర్లకి ఆ ప్రసిద్ధ ఉత్తరం రాశాడు.

ఆ ఒక్క నడక నుంచి రెండు కేసులు పుట్టాయి. ఒకటి, కింగ్, షటిల్స్‌వర్త్, వయట్ టీ వాకర్ తదితరుల మీద కోర్టు ధిక్కారం: ఇంజంక్షన్ ఉల్లంఘించారని, ఐదు రోజుల జైలు, యాభై డాలర్ల జరిమానా. రెండు, షటిల్స్‌వర్త్ మీద 1159 సెక్షన్ ఉల్లంఘన కేసు: తొంభై రోజుల కఠిన శిక్ష, జరిమానా, ఖర్చులు కట్టకపోతే ఇంకో నలభై ఎనిమిది రోజులు. అదే మనిషి, అదే రోజు, అదే ఫుట్‌పాత్.

ఇక్కడ లాయర్లు సెవరబిలిటీ అనే మాట గురించి చెప్పాలి. చట్టంలో ఒక భాగం రాజ్యాంగానికి విరుద్ధమైతే మొత్తం చట్టం పోతుందా, ఆ భాగం మటుకేనా? మనం పుచ్చు వంకాయని ఏం చేస్తాం? పుచ్చు ఒక పక్కనే ఉంటే అంతవరకు కోసి పడేసి మిగతాది కూరలో వేస్తాం. లోపలంతా పాకి ఉంటే కాయే పడేస్తాం. చట్టం కూడా అంతే. మన రాజ్యాంగం 13వ అధికరణం ప్రాథమిక హక్కులకి ఎంతమేరకు విరుద్ధమో అంతమేరకే చట్టం చెల్లదంటుంది. ఎక్కడి వరకు కోయవచ్చో 1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో మన సుప్రీంకోర్టు సూత్రాలు పెట్టింది. చెడ్డ భాగం తీసేశాక మిగిలింది తనంతట తాను నిలబడాలి. రెండూ విడదీయలేనంతగా పెనవేసుకుంటే మొత్తం పోవాలి. ఆ చెడ్డ భాగం లేకపోతే చట్టసభ ఆ చట్టం చేసేదే కాదు అనిపించినా మొత్తం పోవాలి. కోత పేరుతో జడ్జి కొత్త చట్టం రాయకూడదు.

దీనికి తోబుట్టువు ఇంకో పద్ధతి ఉంది. మాటలు కోయకుండా, వాటికి ఇరుకైన అర్థం చెప్పి చట్టాన్ని బతికించడం. 1159 సెక్షన్‌కి అలబామా సుప్రీంకోర్టు చేసింది అదే. కింది అప్పీలు కోర్టు 1965లో ఈ సెక్షన్ చెల్లదని, నల్లవాళ్ళ మీద వివక్షతో అమలు చేశారని చెప్పి షటిల్స్‌వర్త్ శిక్ష కొట్టేసింది. 1967లో అలబామా సుప్రీంకోర్టు శిక్షని మళ్ళీ నిలబెట్టింది. ఎలా? నీతి, మర్యాద, సంక్షేమం లాంటి మాటలు అక్కడ ఉన్నా లేనట్టేనట. కమిషన్ చూడాల్సింది రోడ్డు మీద రాకపోకల సౌకర్యం ఒక్కటేనట. అలా చదివితే సెక్షన్ బాగానే ఉందట. పుచ్చు కాయ కూర తినిపించి, నాలుగేళ్ళ తర్వాత ఆ పుచ్చు ముక్క తీసేసి, ఇప్పుడు చూడండి కాయ ఎంత బాగుందో అన్నట్టు.

1969 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు షటిల్స్‌వర్త్ శిక్ష కొట్టేసింది. అలబామా కోర్టు ఆ ఆర్డినెన్స్ ముఖానికి అద్భుతమైన ప్లాస్టిక్ సర్జరీ చేసింది అని జస్టిస్ స్టీవర్ట్ వెటకారంగా రాశాడు. 1963లో ఫుట్‌పాత్ మీద నడిచినవాడికి 1967లో రాబోయే అర్థం ఎలా తెలుస్తుంది? ఆ రోజు ఆ సెక్షన్ ఎలా ఉంది, ఆ రోజు కానర్ దాన్ని ఎలా వాడాడు, చూడాల్సింది అది. అనుమతి పేరుతో అధికారి ఇష్టానికి వదిలేసిన చట్టాన్ని పట్టించుకోకుండా నడిచే హక్కు పౌరుడికి ఉంది.

బావుంది కదా? ఇప్పుడు రెండో కేసు. రెండేళ్ళ ముందే, 1967 జూన్‌లో, అదే సుప్రీంకోర్టు, అదే స్టీవర్ట్ కలం, ఐదుగురు అవును నలుగురు కాదు అన్న తీర్పులో కింగ్ తదితరుల ధిక్కార శిక్షని నిలబెట్టింది. ఆర్డినెన్స్ మీద గట్టి అనుమానాలున్నాయని ఒప్పుకుంటూనే. కారణం: ఆర్డినెన్స్ చెల్లదనుకుంటే ఉల్లంఘించి తర్వాత కోర్టులో ఎదిరించవచ్చు. కోర్టు ఇంజంక్షన్ చెల్లదనుకున్నా ముందు పాటించాలి, రద్దు చేయమని అడగాలి, అప్పుడు నడవాలి. రెండింట్లో ఉన్న వాక్యం ఒకటే కావచ్చు. కమిషన్ రాస్తే ఒక విలువ, జడ్జి రాస్తే ఇంకో విలువ. వారెన్, డగ్లస్, బ్రెనన్, ఫోర్టాస్ విభేదించారు, కానీ నలుగురే.

1967 అక్టోబరు చివర్లో కింగ్ ఆ ఐదు రోజుల శిక్ష కోసం మళ్ళీ అలబామా జైలుకి పోయాడు. అప్పటికే నోబెల్ బహుమతి వచ్చి మూడేళ్ళు. 1968 ఏప్రిల్ 4న ఆయన్ని చంపేశారు. ఆ ఆర్డినెన్స్ చెల్లదన్న 1969 తీర్పు చూడలేదు.

ఇప్పుడు మళ్ళీ మహాడ్ 1927 డిసెంబరు 27కి రండి. బాబాసాహెబ్ బారిస్టర్. ఆయనకి ఈ రెండు కాగితాల తేడా తెలుసు. స్టే ఉల్లంఘిస్తే ఆ క్షణం నుంచి వాదన చెరువు గురించి ఉండదు, కోర్టు ఆజ్ఞ గురించి ఉంటుంది. ఆస్తి జప్తు, జైలు, మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఉన్నాయి. నాలుగు వేల మంది కూలిజనం, ఊళ్ళకి తిరిగి వెళ్ళాల్సినవాళ్ళు, ఒక చేత్తో సవర్ణుల్ని, ఇంకో చేత్తో సర్కారుని ఎదుర్కోవాలి. కింగ్ వెనక దేశం మొత్తం చూసే టీవీ కెమెరాలు ఉన్నాయి. మహాడ్‌లో ఎవరున్నారు? కింగ్ తప్పు చేశాడని నేననను. ఆ నడక లేకపోతే బర్మింగ్‌హామ్ లేదు. 1963 జులైలో ఆ నగరం తన వేర్పాటు ఆర్డినెన్సుల్ని రద్దు చేసుకుందంటే అది కోర్టుల దయ కాదు, నల్ల పిల్లలు పోలీసు కుక్కలకి, నీటి గొట్టాలకి ఎదురు నిలబడినందుకు. కానీ బాబాసాహెబ్ వెనక్కి తగ్గాడు అని ఇప్పటికీ రాసేవాళ్ళని చూస్తే మటుకు నాకు హాస్టల్ రోజుల నేనే గుర్తొస్తాను.

స్టే రెండు నెలల్లో, 1928 ఫిబ్రవరిలో పోయింది. కేసు మటుకు పదేళ్ళు నడిచింది. 1931లో మహాడ్ కోర్టు మన పక్షాన చెప్పింది. వాళ్ళు ఠాణా జిల్లా కోర్టుకి పోయారు, 1933లో ఓడారు. బొంబాయి హైకోర్టుకి పోయారు. 1937 మార్చి 17న జస్టిస్ బ్రూమ్‌ఫీల్డ్ అప్పీలు కొట్టేశాడు. 1922లో గాంధీకి ఆరేళ్ళ శిక్ష వేసిన జడ్జీ ఈయనే. చెరువు మున్సిపాలిటీది, అనాదిగా ఆచారం ఉందని మీరు రుజువు చేయలేకపోయారు అన్నాడు.

ఈ తీర్పులో నాకు పట్టుకున్న విషయం వేరే. గెలిచింది 1924 తీర్మానం బలంతో కాదు. ఆ తీర్మానం అప్పటికి పదేళ్ళ కిందటే రద్దయింది. దాన్ని కోసి తీసేసినా హక్కు నిలబడే ఉంది, ఎందుకంటే చెరువు ప్రజలది. ఆ తీర్మానం మనకేదో ఇచ్చింది అనుకున్నారు మున్సిపాలిటీ పెద్దలు, వెనక్కి తీసుకుంటే పోతుందనుకున్నారు. సెవరబిలిటీ అంటే నాకు నిజంగా అర్థమైంది ఈ తీర్పు దగ్గరే, చమర్‌బాగ్‌వాలా దగ్గర కాదు. అయితే దీన్ని మరీ పండగ చేసుకోవద్దు. ఆచారం రుజువు కాలేదన్నారు గానీ, ఇలాంటి ఆచారం రుజువైనా చెల్లదు అని హైకోర్టు తేల్చలేదు. ఆ ప్రశ్నని పక్కన పెట్టింది. దాన్ని తేల్చడానికి బాబాసాహెబ్ రాజ్యాంగంలో 15(2), 17 అధికరణాలు రావాల్సి వచ్చింది. 15(2)లో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అన్న వరస చదివితే బోలే తీర్మానం చప్పుడు వినిపిస్తుంది.

పక్కదారి అయినా ఒక మాట అనకుండా ఉండలేను. మన అగ్రకుల మేధావులు బాబాసాహెబ్ మీద కూడా ఈ కోత విద్య ప్రయోగిస్తారు. మహాడ్‌లో నీళ్ళు తాగడం ఉంచుతారు, మనుస్మృతి దహనం కోసేస్తారు. రాజ్యాంగ నిర్మాతని ఉంచుతారు, 1956 నాగపూర్‌ని కోసేస్తారు. మిగిలినదానికి డిసెంబరు 6న దండ వేస్తారు.

ఈ మధ్య సముద్రాల అవతల ఇంకో నగరం ఆర్డినెన్స్ చేసింది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ కౌన్సిల్ కులాన్ని వివక్ష నిషేధ జాబితాలో చేర్చింది, ఆరుగురు అవును, ఒకరు కాదు. అమెరికాలో మొదటి నగరం అదే. ప్రతిపాదించింది క్షమా సావంత్. సియాటిల్ అంటే మన తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఊరే. దీని మీద వేసిన దావాని 2024 మార్చిలో ఫెడరల్ కోర్టు, నీకు జరిగిన నష్టం ఏమిటో చూపలేదని కొట్టేసింది. అదే కాలంలో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టసభ ఆమోదించిన కుల వివక్ష బిల్లుని గవర్నరు 2023 అక్టోబరులో వీటో చేశాడు, ఉన్న చట్టాలు చాలునని. సియాటిల్‌లో ఉన్న మన పిల్లలు ఫోన్ చేస్తే నేను అడిగేది ఒకటే. ఫిర్యాదు ఎవరైనా పెట్టారా? నగరం పౌరహక్కుల ఆఫీసు మామూలుగా ఫిర్యాదు వస్తేనే కదులుతుంది. ఫిర్యాదు పెట్టాలంటే ఆఫీసులో నా కులం ఇదీ అని చెప్పుకోవాలి. చెప్పుకోగలిగితే సగం బాధ ఉండేదే కాదు. తెలుగు మేనేజరు, తెలుగు టీము, వారాంతాల్లో తెలుగు విందులు. మీకు తెలుసు.

నా సంగతి చెప్పి ముగిస్తాను. మా అమ్మ వాళ్ళ ఊళ్ళో మాల మాదిగల శ్మశానానికి దారి లేదు. శవాన్ని పొలం గట్టు మీద మోసుకుపోవాలి, వానాకాలమైతే మోకాటిలోతు బురదలో. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు పంచాయతీ తీర్మానం చేసింది, పన్నెండడుగుల దారి వేయాలని. ఆ రోజు వాడలో అందరికీ టీలు పోశారని గుర్తు. మొన్న శ్రావణంలో మా అమ్మమ్మ పోయింది. పాడె అదే గట్టు మీద పోయింది. మా మేనమామ ఒకచోట కాలు జారి వరి మళ్ళో పడ్డాడు, పాడె ఒరిగింది, మగవాళ్ళు కేకలు వేసుకుంటూ పట్టుకున్నారు. గట్టు పక్క పొలం ఆసామి, మడి తొక్కారని దినం కాకముందే మనిషిని పంపించాడు.

పెద్ద కర్మ అయ్యాక పంచాయతీ ఆఫీసుకి పోయాను. "తీర్మానం లేదని కాదమ్మా, ఉంది. అమలుకే..." అని ఆగిపోయాడు కార్యదర్శి. కుర్రాడు, కొత్తగా వచ్చాడు, పాపం అతన్ని అని ఏం లాభం. సమాచార హక్కు కింద కాపీ అడిగాను. ఇరవై ఆరో రోజున వచ్చింది. ఒక పేజీ, చేతిరాత. సర్వే నంబరు ఉంది, పన్నెండు అడుగులు అని ఉంది, కింద "సభ్యులందరూ ఏకగ్రీవముగా ఆమోదించిరి" అని ఉంది. సంతకాల్లో ఒకటి, ఆ గట్టు పక్క పొలం ఆసామి తండ్రిది. అప్పుడాయన వార్డు మెంబరు.

ఆ కాపీ జెరాక్సులు పది తీసి వాడలో ఇచ్చాను. సోమవారం ఒకటి పట్టుకుని ఆర్డీవో దగ్గరికి పోతున్నాం, పిన్ని వాళ్ళు పదిహేను మంది వస్తామన్నారు.

వచ్చే భాగంలో కారంచేడు. 1985 జులైలో ఆరుగురిని చంపిన ఆ ఘటన కూడా తాగునీళ్ళ చెరువు దగ్గరే మొదలైంది, గేదెలు కడిగిన మురికి నీళ్ళు వద్దన్నందుకు. మున్నంగి సువార్త ఆ రోజు ఎత్తిన బిందె గురించి రాస్తాను.